యాంప్ అమ్మే ముందు నీ చెవికి ఏం చేరుతుందో చూసుకో

ప్రశ్న: అన్నా, మాది నెల్లూరు. కొన్నేళ్లుగా చెన్నైలో, వడపళనిలో ఉంటున్నాను. సెషన్లు, రిసెప్షన్ షోలు, అప్పుడప్పుడు మా సొంత బ్యాండ్ ప్రోగ్రాములు, ఇదీ నా పని. ఇప్పుడు ఒక ప్లేబ్యాక్ సింగర్ టూర్‌కి లీడ్ గిటార్‌గా తీసుకున్నారు. చెన్నై, బెంగళూరు, విజయవాడ, విశాఖ, హైదరాబాద్ అయ్యాక వేసవిలో అమెరికా. సౌండ్ ఇంజినీర్ మొదటి మీటింగ్‌లోనే "స్టేజీ మీద యాంప్ ఒక్కటి కూడా వద్దు, అందరూ చెవుల్లో ఇన్‌ఇయర్స్ పెట్టుకుని వాటిలోనే వినాల్సిందే" అనేశారు. నా దగ్గరున్నది ఫెండర్ హాట్ రాడ్ డీలక్స్ ట్యూబ్ యాంప్. నాన్న చీటీ పాడి కొనిచ్చారు. దాన్ని అమ్మితే గానీ క్వాడ్ కార్టెక్స్ అనే మోడలర్ (యాంప్ సౌండ్‌ని డిజిటల్‌గా అనుకరించే పెట్టె) కొనలేను, లక్షన్నర పైమాటే. ట్యూబ్ యాంప్ వదిలేస్తే చెయ్యి పాడవుతుందని మా మాస్టారు అంటున్నారు. బ్యాండ్‌లో వాళ్లేమో "ఇంకా ట్యూబులేంట్రా" అంటున్నారు. ఒక ఫ్రెండ్ మోడలర్ తెచ్చుకుని ఇంట్లో హెడ్‌ఫోన్స్‌తో సౌండ్లు చేసుకున్నాను, అద్భుతంగా ఉన్నాయి. అవే రిహార్సల్ హాల్లో పెద్ద స్పీకర్ల మీద పెడితే తేనెటీగల మోతలా వినిపించింది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు:

తమ్ముడూ, ముందు నా మాట చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఈ టూర్‌కి మోడలరే తీసుకెళ్లు. యాంప్ మాత్రం అమ్మకు. అంత ఖరీదైన మోడలర్ ఇప్పుడే కొనకు. చిన్నది, వీలైతే సెకండ్ హ్యాండ్‌ది తీసుకో. మిగిలిన డబ్బులో మంచి భాగం ఇన్‌ఇయర్స్ మీద పెట్టు.

ట్యూబ్ గొప్పదా డిజిటల్ గొప్పదా అన్న వాదన లైన్ 6 కంపెనీ వాళ్ల పాడ్ అనే మోడలర్ వచ్చిన 1998 నుంచీ ఆగలేదు. ఆ వాదనలో తరచుగా మరుగున పడే సంగతి ఒకటుంది. పెద్ద షోలో ప్రేక్షకులు యాంప్‌ని నేరుగా వినరు. స్పీకర్ గుడ్డకి బెత్తెడు దూరంలో ఒక మైకు పెడతారు, ఎక్కువగా షూర్ ఎస్ఎం57. ఆ మైకుకి వినిపించింది కేబుల్లో పడి మిక్సర్‌కి వెళ్తుంది. అక్కడ ఇంజినీర్ కొంత బేస్ తీసేస్తాడు, కొంత ట్రెబుల్ తగ్గిస్తాడు, కొంచెం రివర్బ్ కలుపుతాడు. అప్పుడది పీఏలోంచి, అంటే జనం వైపు పెట్టిన పెద్ద స్పీకర్లలోంచి బయటికొస్తుంది. నందనం వైఎంసీఏ గ్రౌండ్‌లో వెనక నిలబడ్డ మనిషికి చేరేది ఆ శబ్దమే. నీ పన్నెండు అంగుళాల స్పీకర్ శబ్దం అతని దాకా రానే రాదు. ఇక మోడలర్ చేసేదేమిటి? యాంప్, స్పీకర్, మైకు, ఈ మూడింటినీ కలిపి లెక్కగట్టి ఆ మైకు కేబుల్లో ఉండాల్సిన సిగ్నల్‌నే ఇస్తుంది. అంటే ప్రేక్షకుడి వైపు నుంచి చూస్తే పెద్దగా మారిందేమీ లేదు.

మారింది నీ వైపు. ఇన్నాళ్లూ నీ వెనక ఒక పెట్టె గాలిని కదిలించేది. ప్యాంటుకి తగిలేది, తీగలకి తగిలేది, నోట్ ఇంకాస్త సేపు నిలబడేది. ఇప్పుడు అదంతా పోయి, చెవిలో రెండు చిన్న స్పీకర్లు మిగులుతాయి. మోడలర్‌కి మారిన వాళ్లలో "ఫీల్ పోయింది" అని బాధపడేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల బాధ నిజమే. కానీ పెట్టె మార్చినందువల్ల వచ్చిన బాధ కన్నా, వినే పద్ధతి మారినా దాని మీద శ్రద్ధ పెట్టనందువల్ల వచ్చిన బాధే అందులో ఎక్కువ. లక్షన్నర పెట్టి మోడలర్ కొని, ఫోన్‌తో పాటు వచ్చిన ఇయర్‌ఫోన్స్‌తో స్టేజీ ఎక్కితే ఆ లక్షన్నర నీకు వినిపించదు.

మెటల్ బ్యాండ్ మెటాలికా సంగతి నీకు తెలిసే ఉంటుంది. 2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించినప్పుడు వాళ్లింకా యాంపులతోనే ఉన్నారు. 2013 డిసెంబర్‌లో అంటార్కిటికాలో, అర్జెంటీనా వాళ్ల కార్లీనీ స్థావరంలో ఒక డోమ్ కట్టి షో చేశారు. అక్కడి వాతావరణాన్ని చెదరగొట్టకూడదు కాబట్టి బయటికి శబ్దం రాకూడదు. యాంపులు లేవు, చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా హెడ్‌ఫోన్స్‌లోనే విన్నారు. దానికోసం ఫ్రాక్టల్ యాక్స్-ఎఫ్ఎక్స్ అనే మోడలర్ వాడారు. ఆ తర్వాత మామూలు టూర్లకీ దాన్నే కొనసాగించారు. ఇంకోవైపు బ్లూస్ గిటారిస్ట్ జో బొనమాసా, ఏసీ/డీసీ బ్యాండ్ గిటారిస్ట్ ఆంగస్ యంగ్ లాంటివాళ్లు ట్యూబుల్ని వదల్లేదు. వాళ్లని చూసి ధైర్యం తెచ్చుకునే ముందు ఒకటి గమనించు. వాళ్ల యాంపులు ట్రక్కుల్లో వెళ్తాయి, వాటిని చూసుకోవడానికి వేరే మనుషులుంటారు, ఆ టూర్ మొత్తం ఆ శబ్దం చుట్టూ కట్టింది. నీ హాట్ రాడ్ డీలక్స్ బరువు సుమారు 20 కిలోలు. దేశంలో ఎకానమీ టికెట్ మీద చెక్-ఇన్‌కి సాధారణంగా ఇచ్చేది 15 కిలోలు. గిటార్, బట్టలు అందులోనే సర్దుకోవాలి.

ఇంజినీర్ మీద కోపం పెట్టుకోకు. ఆయన కష్టం వేరు. ప్లేబ్యాక్ సింగర్ షో అంటే స్టేజీ నిండా తెరిచి ఉన్న మైకులు. ఫ్లూట్‌కి ఒకటి, వయొలిన్‌కి ఒకటి, తబలాకి రెండు, కోరస్‌కి మూడో నాలుగో. నీ 40 వాట్ల ట్యూబ్ యాంప్ ఆ మైకులన్నిటిలోకీ దూరుతుంది. సింగర్ మెల్లగా పల్లవి ఎత్తుకుంటే గొంతుతో పాటు నీ గిటార్ కూడా ఆ మైకులోంచే పీఏకి పోతుంది. ఆయన గొంతు పెంచితే గిటారూ పెరుగుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. నేలమీద పెట్టిన కాంబో స్పీకర్ నీ పిక్కల వైపు చూస్తుంటుంది. ట్రెబుల్ టార్చిలైటులా తిన్నగా ముందుకే పోతుంది కాబట్టి పైన ఉన్న నీ చెవికి శబ్దం మందంగా అనిపిస్తుంది, నువ్వు ట్రెబుల్ పెంచుతావు, మొదటి వరుసలో కూర్చున్నవాళ్ల చెవులు చిల్లులు పడతాయి. సౌండ్‌చెక్‌కీ షోకీ మధ్య ఎవరో నడుస్తూ మైకు స్టాండుని కాలితో తాకినా టోన్ మారిపోతుంది. ఒక్క అంగుళం జరిగితే చాలు. ఊరికో కొత్త కుర్రాడు మైకు పెట్టే టూర్‌లో ఇది ప్రతి రాత్రీ ఉండే గొడవ.

పైగా నువ్వు వాయించబోయేది సినిమా పాటలు. ఒకే షోలో ఒక పాటకి క్లీన్ ఆర్పెజియో, దాని తర్వాత వా పెడల్‌తో ఫంక్, ఆ వెంటనే డిస్టార్షన్ రిఫ్, మధ్యలో నైలాన్ గిటార్ లాంటి బిట్. ఒక్క గొప్ప టోన్‌తో సాయంత్రమంతా గడిపే బ్లూస్ వాళ్ల పని వేరు. ట్రాక్ ప్లే చేసే లాప్‌టాప్ నుంచి మిడి సిగ్నల్ (పరికరాల మధ్య వెళ్లే ఆదేశం) వస్తే పాట మారగానే నీ ప్యాచ్, అంటే ఆ పాటకి నువ్వు దాచుకున్న సౌండ్ సెట్టింగ్, దానంతటదే మారుతుంది, చరణం మొదలయ్యే చోట డిలే టైమ్ కూడా టెంపోకి కుదురుతుంది. కాళ్లతో నాలుగు పెడళ్లు ఒకేసారి తొక్కే అవస్థ ఉండదు, చూపు సింగర్ మీద ఉంచవచ్చు. మోడలర్ వైపు నన్ను బలంగా మొగ్గించే కారణం ఇదే. టోన్ సంగతి దీని తర్వాతే.

ఇక ఆ తేనెటీగల సంగతి. నీ ఉత్తరంలో నాకు చాలా విలువైనదిగా అనిపించిన మాట అదే, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను.

మనిషి చెవి చిన్న శబ్దంలో బేస్‌నీ, బాగా పైనున్న ట్రెబుల్‌నీ తక్కువగా వింటుంది. వాల్యూమ్ పెరిగే కొద్దీ అవి రెండూ లేచి వస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీశారు. నువ్వు రాత్రిపూట గదిలో మెల్లగా పెట్టుకుని ప్యాచ్ చేస్తే, చాలడం లేదనిపించి బేస్ పెంచుతావు, మెరుపు కోసం ట్రెబుల్ పెంచుతావు. హాల్లో పెద్ద స్పీకర్ల మీద ఆ రెండూ పగబట్టినట్టు మీద పడతాయి. మధ్యలో ఉన్న గిటార్ అసలు శరీరం మాయమవుతుంది. కాబట్టి ప్యాచ్ చేయాల్సింది ఇంట్లో కాదు. వడపళని, సాలిగ్రామం, కోడంబాక్కం చుట్టూ రిహార్సల్ హాళ్లకి కొదవ లేదు కదా. పగటిపూట బ్యాండ్ లేని టైమ్‌లో హాల్ తీసుకుని, పీఏ స్పీకర్లో, షోలో ఉండేంత శబ్దంతో, ట్రాక్ పక్కన నడుస్తుండగా ప్యాచులు సరిచెయ్యి. ఒంటరిగా అద్భుతంగా ఉన్న టోన్ డ్రమ్స్, బేస్, కీబోర్డ్ కలిశాక మునిగిపోతుంది. ఒంటరిగా కాస్త పీలగా, మిడ్స్ ఎక్కువగా ఉన్నదే పాటలో తేలుతుంది.

రెండో సంగతి. గిటార్ యాంప్ స్పీకర్ అసలు 5 కిలోహెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు. పీఏ స్పీకర్ 20 కిలోహెర్ట్జ్ దాకా పలుకుతుంది. క్యాబినెట్ సిమ్యులేషన్ (యాంప్ స్పీకర్ పెట్టెని అనుకరించే భాగం) పొరపాటున ఆఫ్‌లో ఉందా అని ముందు చూడు. అది ఆఫ్‌లో ఉంటే డిస్టార్షన్ అచ్చం నువ్వు చెప్పినట్టే మోగుతుంది. ఆన్‌లోనే ఉంటే హై కట్ 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య, లో కట్ 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య పెట్టు. కింద తీసేసిన బేస్ గురించి బెంగపడకు, ఆ చోటు బేస్ గిటార్‌దీ కిక్ డ్రమ్‌దీ. తర్వాత గెయిన్ నువ్వనుకున్న దానికంటే ఒక మెట్టు తగ్గించు. రివర్బ్ సగం చెయ్యి, హాలుకి దాని రివర్బ్ దానికుంటుంది. ప్యాచులన్నీ స్టీరియోలో కాకుండా మోనోలో పెట్టి విను, ఎందుకంటే చాలా చోట్ల పీఏ మోనోగానే నడుస్తుంది. అటూ ఇటూ ఊగే పింగ్-పాంగ్ డిలే మోనోలో ఉత్త గందరగోళం.

చివరగా లెవెల్స్. క్లీన్ ప్యాచ్ నుంచి డిస్టార్షన్‌కి మారినప్పుడు వాల్యూమ్ ఎగిరినా పడిపోయినా ఇంజినీర్ నిన్ను నమ్మడం మానేస్తాడు. అలా నమ్మకం పోయిన గిటారిస్ట్ ఫేడర్ (మిక్సర్ మీద వాల్యూమ్ మీట) కిందే ఉంటుంది, సోలో వచ్చినా పైకి లేవదు. అన్ని ప్యాచుల్నీ ఒకే మీటర్ ముందు పెట్టి సమం చెయ్యి, సోలోకి 3 డెసిబెల్స్ చాలు. నీ మోడలర్ మోడల్‌కి ఎన్ని అవార్డులొచ్చినా ఈ పని నీకోసం అది చేసి పెట్టదు.

ఇక చెవులు. చెవికి సరిగ్గా అతికే, బయటి శబ్దాన్ని బాగా ఆపే ఇన్‌ఇయర్స్ కొను. చెవి అచ్చు తీయించి చేయించుకోగలిగితే మరీ మంచిది. అవి లోపల సరిగా కూర్చోకపోతే బేస్ మొత్తం కారిపోతుంది, నువ్వు వాల్యూమ్ పెంచుకుంటూ పోతావు. 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలు ఉండొచ్చని, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుందని అమెరికా ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. ఆ ప్రకారం 100 డెసిబెల్స్ దగ్గర నీకున్నది పావుగంట. రెండున్నర గంటల షోలకి వెళ్తున్నావు. చెవిలో గుయ్ మని మోత ఒకసారి స్థిరపడితే దాన్ని పోగొట్టే మందు లేదు, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకు. శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్ ఉన్న మానిటర్ ప్యాక్ అడుగు. నీ మిక్స్‌లో నీ గిటార్ ఒక్కటే గట్టిగా పెట్టించుకోకు. క్లిక్ (టెంపో చెప్పే టిక్కులు), డ్రమ్స్, సింగర్ గొంతు బాగా వినపడాలి, వాటి మధ్య నీది ఉండాలి. ప్రేక్షకుల శబ్దం కోసం ఒక యాంబియెంట్ మైకు చెవిలోకి ఇప్పించమని అడిగితే గదిలో బంధించినట్టుండే ఆ భావన చాలా వరకు పోతుంది. సోలోల్లో ఫీడ్‌బ్యాక్ సస్టెయిన్ కావాలంటే స్టేజీ ముందు నీ దగ్గర నేల మీద నీ వైపు తిప్పి పెట్టే ఒక చిన్న వెడ్జ్ మానిటర్‌లో గిటార్ మాత్రమే కొంచెం ఇమ్మను. యాంప్ వద్దన్నా దీనికి చాలామంది ఇంజినీర్లు ఒప్పుకుంటారు.

లేటెన్సీ, అంటే తీగ మీటాక శబ్దం వినిపించడానికి పట్టే ఆలస్యం, అని ఎవరైనా భయపెడితే ఈ లెక్క గుర్తుంచుకో. శబ్దం గాలిలో ఒక మిల్లీసెకనుకి సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. యాంప్‌కి మూడు మీటర్ల దూరంలో నిలబడి ఇన్నాళ్లూ వాయించావంటే 9 మిల్లీసెకన్ల ఆలస్యంతోనే వాయించావు. మోడలర్ ఒక్కటే చూస్తే దానికంటే తక్కువే తీసుకుంటుంది. కాకపోతే డిజిటల్ వైర్‌లెస్, డిజిటల్ మిక్సర్ అన్నీ వరసగా చేరితే కూడుతూ పోతుంది. అందుకే నువ్వు స్టేజీ అంతా పరుగెత్తే మనిషివి కాకపోతే గిటార్‌కి కేబులే వాడు.

ఏ మోడలర్ అంటావా? క్వాడ్ కార్టెక్స్ మంచి మెషీన్, అందులో సందేహం లేదు. కానీ తండ్రి కొనిచ్చిన యాంప్ అమ్మి కొనాల్సినంత తేడా నీ టూర్‌లో అది తీసుకురాదు. లైన్ 6 హెచ్ఎక్స్ స్టాంప్ ఎక్స్ఎల్ ఎనిమిది ఫుట్‌స్విచ్‌లతో నీ పనికి సరిపోతుంది. దానికి మైకు కేబుల్ తగిలించే ఎక్స్ఎల్ఆర్ అవుట్‌పుట్ ఉండదు, సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే డీఐ బాక్స్ ఒకటి వెంట ఉంచుకో. నీకిప్పటికే పెడల్‌బోర్డ్ ఉండి అది నచ్చితే, ఐకే మల్టీమీడియా టోనెక్స్ పెడల్ ఒకటి చివర పెట్టుకున్నా చాలు. దీనితో నాకు ఇష్టమైన లాభం ఇంకోటి ఉంది. నీ సొంత హాట్ రాడ్ డీలక్స్‌నే క్యాప్చర్ చేసుకోవచ్చు. ఒక స్టూడియోలో యాంప్‌కి మంచి మైకు పెట్టించి, నీకు బాగా నచ్చిన సెట్టింగ్‌లు క్లీన్ ఒకటి, కొంచెం విరిగేది ఒకటి, ఇంకా గట్టిది ఒకటి, విడివిడిగా కంప్యూటర్‌తో క్యాప్చర్ చెయ్యి. ఒక క్యాప్చర్ అంటే ఆ క్షణంలో నాబ్‌లు ఉన్న తీరుకి తీసిన ఫొటో మాత్రమే, తర్వాత ట్రెబుల్ నాబ్ తిప్పినా అసలు యాంప్ స్పందించినట్టు స్పందించదు. అందుకే రెండు మూడు తీసుకోమంటున్నాను. అలా మీ నాన్న కొనిచ్చిన యాంప్ నీతో పాటు డల్లాస్ దాకా వస్తుంది.

మీ మాస్టారి మాట కొట్టిపారేయకు. ఆయన చెప్పేదాంట్లో సారం ఉంది. ట్యూబ్ యాంప్ ముందు పిక్‌ని కాస్త మెల్లగా తాకితే క్లీన్‌గా పలుకుతుంది, గట్టిగా కొడితే విరుగుతుంది. గిటార్ వాల్యూమ్ నాబ్ మీద చిటికెన వేలు పెట్టి టోన్ నడిపించడం అక్కడే వస్తుంది. ప్యాచ్ మార్చడం అలవాటైపోతే ఆ చిటికెన వేలు బద్ధకించవచ్చు. అందుకే ఇంట్లో సాధన యాంప్‌తోనే చెయ్యమంటాను. కానీ పరికరం మారితేనే చెయ్యి పాడవుతుందన్న మాట నేను ఒప్పుకోను. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్‌తో ఇదే చెన్నై సభల్లో కర్ణాటక సంగీతం వాయించారు. అది మన సంగీతానికి పనికొచ్చే వాద్యమేనా అని అప్పట్లో సందేహపడ్డవాళ్లున్నారు. ఆ గమకాలన్నీ పికప్‌లోంచి, కేబుల్లోంచి, స్పీకర్లోంచి వచ్చినవే. ఆయన వేళ్ల నుంచి ఏ తీగా ఏమీ తీసుకుపోలేదు.

టూర్‌లో మోడలర్‌కున్న అసలు బలహీనత టోన్ కాదు, కరెంటు. బహిరంగ సభల్లో జనరేటర్ నుంచి జనరేటర్‌కి మార్చేటప్పుడు ఒక్క క్షణం పవర్ పోతుంది. ట్యూబ్ యాంప్ అయితే ఫిలమెంట్లు వేడిగానే ఉంటాయి కాబట్టి వెంటనే అందుకుంటుంది. మోడలర్ కంప్యూటర్ కదా, మళ్లీ మొదటి నుంచి బూట్ అవుతుంది. ఆ అరనిమిషం మూగగా నిలబడటం ఎంత నరకమో ఊహించుకో. కంప్యూటర్లకి వాడే చిన్న యూపీఎస్ ఒకటి రిచీ స్ట్రీట్‌లో కొనుక్కుని టూర్ సామానులో వెయ్యి. అడాప్టర్ ఇంకోటి స్పేర్‌గా తప్పనిసరి. హెచ్ఎక్స్ స్టాంప్‌కి 9 వోల్ట్స్ దగ్గర 3 ఆంపియర్లు కావాలి, మామూలు పెడల్ అడాప్టర్ దాన్ని మోయదు, ఊళ్లో దొరకదు. వేసవి సాయంత్రం విజయవాడలో సౌండ్‌చెక్ అంటే స్టేజీ పలకలు కాలుతుంటాయి, మోడలర్‌ని ఎండలో వదిలేయకు, పైన ఏదైనా తెల్ల గుడ్డ కప్పించు.

టూర్ మొదలయ్యాక ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయకు, ఎంత గొప్ప కొత్త ఫీచర్ వచ్చినా సరే. ప్యాచులన్నీ లాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి బ్యాకప్ ఉంచు. మెషీనే చనిపోతే షో నడిపించడానికి టెక్ 21 సాన్స్‌యాంప్ లాంటి చిన్న పెడల్ ఒకటి గిటార్ కేసులో పడేస్తే నేరుగా మిక్సర్‌లోకి వాయించవచ్చు. ఊరు మారినప్పుడల్లా ఇంజినీర్‌కి అవుట్‌పుట్ మైక్ లెవెలా లైన్ లెవెలా ముందే చెప్పు, ఫాంటమ్ పవర్ (మైకుల కోసం కేబుల్లో పంపే కరెంటు) ఆఫ్ చేయమను.

ఇంటి దగ్గర ఉండిపోయే యాంప్ గురించి. చెన్నై ఉప్పుగాలి, తేమ ట్యూబ్ సాకెట్లకీ నాబ్‌లకీ తుప్పు పట్టిస్తాయి. వాడకుండా నెలల తరబడి మూల పడేస్తే కెపాసిటర్లూ దెబ్బతింటాయి. టూర్ మధ్యలో ఇంటికొచ్చినప్పుడల్లా ఒక గంట వాయించు. స్పీకర్ కనెక్షన్ తీసి ఎప్పుడూ ఆన్ చేయకు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. వెనక తలుపు విప్పి నువ్వే చెయ్యి పెట్టకు, లోపల 400 వోల్ట్స్ పైన ఉంటాయి, ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత నిలవుండొచ్చు. 6ఎల్6 పవర్ ట్యూబుల జత మార్చినప్పుడు బయాస్ (ట్యూబుల్లో పారే కరెంటు సెట్టింగ్) సరిచేయించాలి, తెలిసిన టెక్నీషియన్ చేతే చేయించు. ఈ ట్యూబులు ఇప్పుడు ముఖ్యంగా రష్యా, స్లొవేకియా, చైనాల్లోని కొద్ది ఫ్యాక్టరీల్లోనే తయారవుతున్నాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు ప్రపంచమంతా గిటారిస్టులు ట్యూబుల కోసం పరుగులు తీశారు. ఒక స్పేర్ జత కొనిపెట్టుకో. మీ సొంత బ్యాండ్ చిన్న హాల్లో వాయించినప్పుడు ఆ యాంప్‌నే తీసుకెళ్లు. అక్కడ ఎవరూ వద్దనరు, అక్కడ దాని గాలి అందరికీ తగులుతుంది కూడా.

అమెరికా లెగ్‌కి రెండే మాటలు. అక్కడ కరెంటు 120 వోల్ట్స్, నీ యాంప్ ఇక్కడి 230 వోల్ట్స్‌ది, కాబట్టి తీసుకెళ్లాలన్న ఆలోచనే వద్దు. మోడలర్ అడాప్టర్ మీద 100–240 అని రాసి ఉందో లేదో ఇప్పుడే చదువు, లేకపోతే అలాంటిది తెప్పించు. బిల్లులు, సీరియల్ నంబర్లు పట్టుకుని ఎయిర్‌పోర్టుకి కాస్త ముందే వెళ్లి కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకో. తిరిగొచ్చేటప్పుడు నీ గిటార్, నీ మోడలర్ అక్కడ కొన్నవి కావని చూపించడానికి అదే ఆధారం.